మూడో గడి

టీ పొడికి వాసన అంటుకుంటుంది. పక్కన ఏముంటే దాని వాసన లాగేసుకుంటుంది. టీ కొట్టువాళ్ళ పిల్లకి అక్షరాలు రాకముందే తెలిసే సంగతి ఇది. ఈ ఒక్క ముక్క తెలియని మనిషిని తెచ్చి టీ దిగుమతి లైసెన్సులిచ్చే కుర్చీలో కూర్చోబెట్టినవాళ్ళ దుంప తెగ.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఉంటుంది మరి. ఆ ముక్కుని ముప్పై ఏళ్ళపాటు ఎలా పెంచారో కూడా చెప్పాలి కదా. మాది కింద కొట్టు, పైన ఇల్లు. ఇంట్లో పౌడరు డబ్బా ఉండకూడదు. తలకి వాసన నూనె రాయకూడదు. వంటింట్లో ఉల్లిపాయలు వేగుతున్నంతసేపూ మెట్ల తలుపుకి గడియ పెట్టి ఉంచాలి. పదిహేనేళ్ళప్పుడు నేను పుస్తకాల వెనక దాచుకున్న సెంటు సీసాని మా నాన్న వాసన పట్టి వెతికి తీసి, వీధి చివర కాలవలో ఒంపి వచ్చాడు. ఆ తర్వాత వారం రోజులు నన్ను కొట్టు గుమ్మం తొక్కనివ్వలేదు. నేను ఏడ్చి గోల చేస్తే, "నీ మీద కోపం కాదే తల్లీ, అక్కడ ఆకు ఉంది" అన్నాడు.

ఆయన టీ టేస్టరు. బయటి దేశాల నుంచి వచ్చిన ఆకుని వేణ్ణీళ్ళలో నానబెట్టి, చెంచాతో జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, ఉమ్మేసి, ఇది కొనొచ్చు ఇది వద్దు అని చెప్పడం ఆయన పని. నలభై ఏళ్ళుగా ఇదే పని. టీ బజారులో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు. నాలుకగారు అంటారు. మొదట్లో ఎవరో వేళాకోళానికి అన్నారట. తర్వాత అదే నిలిచిపోయింది. ఆ నాలుకకి ప్రభుత్వం ఒక కార్డు కూడా ఇచ్చింది. ఫోటో, ముద్ర, నంబరు, అన్నీ ఉన్నాయి. అలాంటి కార్డున్న టేస్టరు రుచి చూసి బాగుందని సంతకం పెడితేనే ఏ వ్యాపారికైనా టీ దిగుమతికి లైసెన్సు వస్తుంది.

ఈ ఏడు కొనుగోలు నాకు అప్పగించాడు. నేనే ఓడెక్కి వెళ్ళాను, నేనే కొండెక్కాను. పెద్ద తోటలన్నీ వదిలేసి, మంచు దిగే ఒక మూల పల్లంలో ఉన్న చిన్న తోటలో పన్నెండు రోజులు ఉండి, రోజూ ఉదయం కోసిన ఆకుని రుచి చూసి, అరవై పెట్టెలు ఎంచుకున్నాను. ముందుగా చిన్న పొట్లం ఇంటికి పంపాను. నాన్న దాని గురించి రాసిన ఉత్తరంలో ఒకటే వాక్యం ఉంది. "ఈ సరుకు గట్టెక్కితే ఇక కొనుగోళ్ళన్నీ నీవే." ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే నవ్వుతారు.

ఇక రూలు చెబుతాను, ఓపిగ్గా వినండి. నాకు లేకపోయినా మీకైనా ఉండాలి ఓపిక. ఓడ దిగిన టీ నేరుగా ప్రభుత్వ గోడౌనులోకి వెళ్ళి తాళం పడుతుంది. ఇన్‌స్పెక్టరు వచ్చి అరకిలో ఆకు తీసి, గుడ్డ సంచిలో పోసి, మూతి కట్టి, లక్క ముద్ర వేసి లైసెన్సు ఆఫీసుకి పట్టుకెళతాడు. వారంలోగా మమ్మల్ని పిలవాలి. అక్కడ పేర్లు లేని నాలుగు కప్పులు పెడతారు. ఒకటి మా సంచిలోది, మిగతా మూడూ ఆఫీసువాళ్ళు డబ్బాల్లో దాచుకున్న నమూనాలు. ఏది ఏదో చెప్పరు. మా టేస్టరు నాలుగూ చూసి ఏది ఎలా ఉందో చెప్పాలి. మాది బాగుంటే లైసెన్సు. ఓడ దిగిన అరవై రోజుల్లోగా లైసెన్సు రాలేదో, గోడౌను వెనక పెరట్లో పెట్టెలన్నీ తగలబెడతారు. ఆకు చెడిపోతుందని కాదు, గోడౌనులో చోటు కావాలని.

వారంలో పిలవాల్సినవాళ్ళు నలభై ఏడో రోజున పిలిచారు. అప్పటికి నా చెప్పులు అరిగిపోయాయి. రోజూ వెళ్ళడం, బల్ల మీద కూర్చోవడం, "ఆఫీసరుగారు బిజీ" అనిపించుకోవడం, ఇంటికొచ్చి అమ్మ మీద అరవడం. ఆ ఆఫీసరుకి నేను పెట్టుకున్న పేరు రూళ్ళకర్ర. ఎప్పుడూ చేతిలో రూళ్ళకర్ర ఉంటుంది. రాసిన ప్రతి లైను కిందా దాన్ని ఆనించి ఎర్ర గీత గీస్తాడు. మనిషి చెడ్డవాడేం కాదు. మంచినీళ్ళు అడిగితే తెప్పిస్తాడు. అదే ఇంకా ఒళ్ళు మండే సంగతి. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా సుఖంగా ఉంటుంది.

ఆ రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పొద్దుటి నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. పొడుగాటి గదిలో, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద నాలుగు తెల్ల కప్పులు పెట్టారు. నేను గోడ పక్కన నిలబడ్డాను. నాన్న మొదటి కప్పు పీల్చాడు, ఉమ్మాడు. "పాత ఆకు. పరవాలేదు" అన్నాడు. రూళ్ళకర్ర రాసుకున్నాడు.

రెండో కప్పు దగ్గర ఆగాడు. ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తర్వాత చెంచాతో పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ పీల్చాడు. ఒకే కప్పుని ఆయన రెండుసార్లు చూడడం నేను చాలా అరుదుగా చూశాను. 

"మంచి ఆకు. చాలా మంచి ఆకు. కానీ వాసన పట్టింది. కలరా ఉండల వాసన. ఇది ఆకులో పుట్టింది కాదండీ, బయటి నుంచి తగిలింది. ఈ మధ్యనే తగిలింది" అన్నాడు.

"వాసన ఉందా, లేదా?" అన్నాడు రూళ్ళకర్ర.

"ఉంది. అయితే అది ఎక్కడ తగిలిందంటే—"

"ఉంది" అని రాసి గీత గీశాడు. ఆయన కాగితంలో ఉందా లేదా అనే గళ్ళు రెండే ఉన్నాయి. ఎక్కడ తగిలింది అనేదానికి గడి లేదు.

మిగతా రెండు కప్పులూ అయ్యాయి. నాన్న కాగితం చదివి సంతకం పెట్టాడు. అప్పుడు రూళ్ళకర్ర ఏ కప్పు ఎవరిదో రాసి అంటించిన కవరు చింపి చూసి, నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టి, "రెండోది మీదేనండీ పెద్దాయనా" అన్నాడు. నాన్న తల ఊపాడు. ఆశ్చర్యపోలేదు. ఆ ఆశ్చర్యపోకపోవడం నేను చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

వరండాలోకి వచ్చేదాకా ఆగాను. నాకు అంత నిగ్రహం ఉందని నాకే తెలియదు.

"నీకు తెలుసా అది మనదని?"

"వాసన చూసినప్పుడే తెలిసిందమ్మా. ఆ కొండ ఆకుని మర్చిపోతానా."

"తెలిసీ చెప్పావా? తెలిసీ సంతకం పెట్టావా?"

"ఉన్న వాసన లేదని ఎలా చెప్పనే? చెబితే ఎక్కడ తగిలిందో చూస్తారనుకున్నాను."

"ఎవరు చూస్తారు? వాళ్ళకి ఆకుతో ఏం పని? వాళ్ళకి కావాల్సింది గడి నిండడం! ఒక్కసారి, ఒక్కసారి నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"నోరు మూసుకుని టీ ఎలా రుచి చూస్తానమ్మా?" అన్నాడు, నన్ను నవ్విద్దామని.

నేను నవ్వలేదు. అనకూడని మాట అన్నాను. "నీ నాలుక గొప్ప నిలబెట్టుకోవడానికి నా పెట్టెలు తగలబెట్టించావు" అన్నాను. వరండాలో బల్లల మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. నాన్న జేబులోంచి రుమాలు తీసి మూతి తుడుచుకుని మెట్లు దిగాడు. 

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి నేను అక్కడ ఉన్నాను. లైసెన్సు ఎందుకివ్వలేదో రాసిన ఆర్డరు నకలు కావాలి. నకళ్ళు చూసేది రికార్డు గుమస్తా. రిటైరు కాబోయే పెద్దావిడ, తీరైన మనిషి, ఎవరు వచ్చినా కూర్చోమంటుంది. నన్ను కూర్చోబెట్టి, నడుముకి కట్టుకున్న తాళాలగుత్తి తీసి, గోడ పొడుగునా ఉన్న ఇనప బీరువాల్లో ఒకటి తెరిచింది.

దభీమని కొట్టింది వాసన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పై అరలో ఫైళ్ళు. కింది అరలో గుడ్డ సంచులు, లక్క ముద్రలతో. ప్రతి అర మూలలోనూ గుప్పెళ్ళ కొద్దీ తెల్లటి కలరా ఉండలు. ఆఫీసు నమూనాల డబ్బాలు మాత్రం గట్టి మూతలతో పక్కన తలుపు తెరిచి ఉన్న బీరువాలో భద్రంగా ఉన్నాయి.

"ఇవి ఎవరు పెట్టారక్కా?"

"నేనే" అంది ఆవిడ, ఎంతో మురిసిపోతూ. "నేనొచ్చేటప్పటికి ఈ గదిలో పురుగులు ఫైళ్ళు నమిలేస్తుండేవి. ఇప్పుడు చూడు. ఇరవై ఏళ్ళయింది, ఒక్క కాగితానికి చిల్లు పడలేదు."

"మరి టీ సంచులు ఇక్కడ ఎందుకు పెట్టారు?"

"ముద్ర వేసిన వస్తువు తాళం ఉన్న బీరువాలోనే ఉంచాలి. రూలు. తాళం ఉన్నది దీనికే కదమ్మా."

ఆవిడని ఏమని తిట్టను? నలభై రోజులు మా ఆకు ఆ సంచిలో, ఆ ఉండల పక్కన కూర్చుంది. గుడ్డ సంచిలోంచి వాసన పీల్చుకుని పీల్చుకుని ఉబ్బింది. గోడౌనులో ఉన్న అరవై పెట్టెలూ శుభ్రంగా ఉన్నాయి. చెడింది ఈ అరకిలో మాత్రమే. నాన్న చెప్పింది అక్షరాలా నిజం. బయటి నుంచి తగిలింది, ఈ మధ్యనే తగిలింది.

రూళ్ళకర్ర గదిలోకి అడగకుండా దూసుకెళ్ళాను. ఒక ఉండ పిడికిట్లో పట్టుకునే వెళ్ళాను. దాన్ని తీసుకెళ్ళి ఆయన కాగితాల మీద పెట్టాను.

"ఏమిటిది?"

"మీ బీరువాలోది. మా టీకి అంటిన వాసన ఇది. మా పెట్టెల్లో లేదు. మీరొచ్చి గోడౌనులో పెట్టె తెరిచి వాసన చూడండి."

ఆయన ఉండని పక్కకి జరిపి, కాగితం సర్దుకున్నాడు. "అమ్మా, గోడౌనులో ఉన్నది మా పరిశీలనలోకి రాదు. రూలు ప్రకారం ముద్ర వేసిన నమూనాయే సరుకు."

"ఆ నమూనాని పాడు చేసింది మీరే!"

"అలా అనకూడదు. నాకేం వాసన రావడం లేదు."

"రాదు. మీ ముక్కు చచ్చిపోయి ఎన్నేళ్ళయిందో!"

కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకుంటే బాగుండేది. ఆయన గాలి ఒకసారి పీల్చి చూసుకుని, "పద్దెనిమిదేళ్ళుగా ఈ గదిలోనే ఉన్నాను లెండి, అలవాటైపోయి ఉండొచ్చు" అని ఒప్పుకున్నాడు. సొరుగు లాగి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "కొత్త నమూనా తీయమని అడగడానికి ఫారం ఉంది. కారణం చూపించాలి. మూడు గళ్ళున్నాయి, ఏదో ఒకదానికి టిక్కు పెట్టండి."

చదివాను. ఒకటి, ప్రకృతి వైపరీత్యం. రెండు, రవాణాలో నష్టం. మూడు, టేస్టరు పొరపాటు.

"ఆఫీసు పొరపాటుకి గడి ఏది?"

"లేదమ్మా."

"ఎందుకు లేదు?"

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. ఇంతవరకూ ఎవరూ ఆ ప్రశ్న అడిగినట్టు లేరు. "ఫారం తయారు చేసినవాళ్ళకి తట్టి ఉండదు" అన్నాడు.

ఆ ఫారం పట్టుకుని నేను తిరగని చోటు లేదు. మొదటి గడికి తుఫాను రాలేదు. రెండో గడికి ఓడ కెప్టెను ఉత్తరం కావాలి. ఓడ వెళ్ళిపోయి నెల దాటింది. పై అధికారికి అర్జీ పెడదామని వెళితే, ఆయన నెలకొక్కసారి అర్జీలు వింటాడు, ఈసారి వినేది మా గడువు దాటిన నాలుగు రోజులకి. టీ వర్తకుల సంఘం పెద్దకి మొర పెట్టుకుంటే, "అమ్మాయీ, మనం రేపు కూడా ఆ ఆఫీసుకే వెళ్ళాలి కదా" అని నీళ్ళు నమిలాడు. బెల్లం కొట్టిన రాళ్ళు. ఒక్కడూ కదలలేదు. గోడౌను గుమస్తా మాత్రం కాస్త జాలిపడి, పెరట్లో కట్టెలు దించారని చెప్పాడు.

ఇంకా మూడు రోజులు ఉన్నాయి. సాయంత్రం ఇంటికొచ్చాను. నాన్న భోజనాల బల్ల దగ్గర పేపరు చూస్తున్నాడు. వరండా గొడవ తర్వాత మేం అవసరానికి మించి మాట్లాడుకోలేదు. బీరువా సంగతి మాత్రం చెప్పాను. చెప్పినప్పుడు ఆయన మొహం విప్పారింది. "చూశావా, బయటి నుంచి తగిలిందని చెప్పలేదూ?" అని అమ్మ వైపు తిరిగి కూడా అన్నాడు. తను చెప్పింది నిజమైతే చాలు, ఇక అంతా సర్దుకుంటుందని ఆయన నమ్మకం.

"ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏమవుతుంది? మూడో గడి తప్ప దారి లేదు."

"ఏమిటా మూడో గడి?"

 ఫారం సంచిలోంచి తీసి బల్ల మీద, ఆయన పళ్ళెం పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఎవరినీ అడగలేదని, ఎవరి మీదా ఒత్తిడి పెట్టలేదని నేను తర్వాత చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. కాగితం సంచిలోనే ఉంచొచ్చు. చింపి పారేయొచ్చు. బల్ల మీద, అక్షరాలు ఆయన వైపు తిరిగి ఉండేలా ఎందుకు పెట్టాను? తెలిసే పెట్టాను. కుళాయి కింద చేతులు కావాల్సినదాని కంటే చాలాసేపు కడుక్కున్నాను.

తిరిగొచ్చేసరికి ఫారం అక్కడే ఉంది. నాన్న పేపరు చదువుతున్నాడు. అమ్మ నా వైపు చూసిన చూపు మాత్రం మామూలుది కాదు.

పొద్దున నేను లేచేసరికి ఆయన లేడు. ఇస్త్రీ చొక్కా లేదు. ఫారం లేదు. "ఆపలేదేం అమ్మా?" అని అరిచాను. అమ్మ గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరగకుండానే, "కాగితం పెట్టింది నువ్వు, ఆపాల్సింది నేనా?" అంది.

జుట్టు ముడేసుకుంటూనే పరుగెత్తాను. రూళ్ళకర్ర గదిలో నాన్న కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. అప్పటికే మూడో గడిలో టిక్కు పడింది. కింద వివరం కూడా ఆయన దస్తూరీలోనే ఉంది, గుండ్రంగా, ఒత్తులన్నీ సరిగ్గా పెట్టి. "ఆ రోజు నా నాలుక సరిగా పని చేయలేదు. లేని వాసన ఉన్నదని పొరపాటున చెప్పాను."

"జలుబు చేసిందేమో, అలా రాయకపోయారా?" అంటున్నాడు రూళ్ళకర్ర, సాయం చేస్తున్నట్టు.

"జలుబు ఉంటే ముందే చెప్పి మానుకోవాలి కదండీ. చెప్పకుండా కూర్చోవడం తప్పు. అలా చేశానని రాయను" అన్నాడు నాన్న.

అబద్ధంలో కూడా అంత నియమం. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఆ కాగితం ఇలా ఇవ్వండి" అని చెయ్యి చాచాను. "అది చెల్లదు. మా నాన్న చెప్పింది నిజం. మీకూ తెలుసు. ఆయన నాలుకకి ఏమీ కాలేదని ఈ ఆఫీసులో కుర్చీలకి కూడా తెలుసు!"

"తెలియడం వేరు, రికార్డు వేరు" అన్నాడు రూళ్ళకర్ర. "అయినా మీరు రావడం మంచిదైంది. ఇక్కడ దిగుమతిదారు సంతకం కూడా కావాలి. టేస్టరు పొరపడ్డాడని మీరూ ధ్రువీకరించాలి."

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్జీ నా పేరు మీద ఉంది. సరుకు నాది. అంటే నాన్న నాలుక తప్పని నా చేత్తో నేను సంతకం పెట్టాలి.

"పెట్టను" అన్నాను.

"పెట్టమ్మా" అన్నాడు నాన్న. "అరవై పెట్టెలు. పన్నెండు రోజులు కొండమీద ఉన్నావు."

"ఉంటే?"

"ఆకు ఏం పాపం చేసింది? తగలబడడానికి పండలేదు కదా అది."

"మరి నువ్వేం పాపం చేశావు?"

ఆయన చొక్కా జేబులోంచి కార్డు తీసి, బల్ల మీద పెట్టి, వంకరగా ఉందని వేలితో సరి చేశాడు. పొరపాటు ఒప్పుకున్న టేస్టరు కార్డు ఆఫీసుకి అప్పగించాలని రూలు. ఆ ఫోటోలో నాన్నకి జుట్టంతా నల్లగా ఉంది.

రూళ్ళకర్ర కలం మూత తీసి నా వైపు తిప్పి అందించాడు. నేను ఆ మనిషిని తిట్టాను. ఏమేం తిట్టానో ఇక్కడ రాస్తే బాగుండదు. బీరువాని తిట్టాను, ఫారం తయారు చేసినవాణ్ణి, వాడికి అక్షరాలు నేర్పినవాణ్ణి కూడా కలిపి తిట్టాను. పక్క గదుల్లోంచి జనం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రికార్డు గుమస్తా అక్కయ్య కూడా వచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను అలిసిపోయేదాకా రూళ్ళకర్ర ఓపిగ్గా విన్నాడు. విని, "ఇక్కడమ్మా" అని వేలితో చోటు చూపించాడు.

సంతకం పెట్టాను. ఆయన దాని కింద ఎర్ర గీత గీశాడు.

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. గడి నిండాక ప్రభుత్వం ఎంత వేగంగా పనిచేస్తుందో చూస్తే ముచ్చటేస్తుంది. ఆ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టరు కొత్త నమూనా తీశాడు. సాయంత్రానికి ఆఫీసు తరఫు టేస్టరు చూసి, వాసన లేదు, ఆకు ఉత్తమం అని రాశాడు. మర్నాడు పదకొండింటికి లైసెన్సు నా చేతిలో పడింది. దాని వెనక చిన్న అక్షరాల్లో ఒక లైను ఉంది. మొదటి పరీక్షలో టేస్టరు పొరపాటు కారణంగా పునఃపరిశీలన జరిపి మంజూరు చేయడమైనది. సాయంత్రానికే టీ బజారంతా పాకిపోయింది. నాలుకగారి పని అయిపోయిందట అన్నారు. పాపం, వయసు అన్నారు. నా పెట్టెల కోసం ఒక్క మాట కదపని సంఘం పెద్ద, నాన్నని పరామర్శించడానికి మాత్రం ఇంటికొచ్చాడు. నేను ఆయన్ని మెట్ల మీది నుంచే పంపేశాను.

గడువు చివరి రోజు పొద్దున, సరుకు విడిపించుకోవడానికి గోడౌనుకి వెళ్ళాం. నాన్న వస్తానన్నాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. గేటు దగ్గర కాపలావాడు మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు. నాన్న వాడికి ఇరవై ఏళ్ళుగా తెలుసు.

"లైసెన్సు?"

చూపించాను.

"పెద్దాయన కార్డు?"

నాన్న చెయ్యి దానంతటదే చొక్కా జేబు దగ్గరికి వెళ్ళి, ఖాళీ జేబు తడిమి, కిందికి వచ్చేసింది. "లేదు" అన్నాడు.

కాపలావాడికి విషయం తెలుసని మొహంలోనే తెలుస్తోంది. "లైసెన్సుదారు, కార్డున్న టేస్టరు తప్ప లోపలికి ఎవరినీ పంపకూడదమ్మా. నన్ను తిట్టకండి, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. అప్పటికి నా నోరు ఆ పరిసరాల్లో అంత పేరు తెచ్చుకుంది.

నాన్న గేటు పక్కన గోడ నీడలో, సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. "వెళ్ళిరా. అడుగు వరసలోంచి తీయించు. పై పెట్టె చూసి మోసపోకు" అన్నాడు.

లోపల చల్లగా, చీకటిగా ఉంది. అడుగు వరసలో ఒక పెట్టె తెరిపించాను. మూత లేవగానే ఆ కొండ మీది పొద్దుటి గాలి మొహానికి తగిలినట్టయింది. గుప్పెడు ఆకు తీసుకుని, పరీక్ష గదిలో నీళ్ళు కాచి, గడియారం చూసి ఆరు నిమిషాలు నానబెట్టాను. చెంచాతో పీల్చాను. ఏ వాసనా లేదు. ఎంత శుభ్రంగా, ఎంత తియ్యగా ఉందంటే, నాకు ఆ కప్పు నేలకేసి కొట్టాలనిపించింది. ఇంకో మూడు పెట్టెలు తెరిపించాను. అన్నీ అలాగే ఉన్నాయి. అందుకున్నట్టు సంతకం పెట్టి బయటికొచ్చాను.

నన్ను చూసి నాన్న దిమ్మ మీది నుంచి లేచి, పంట్లాం దులుపుకున్నాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు.

మా నాన్న ఒక టీ ఎలా ఉందని ఇంకొకరిని అడగడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. 

"బాగుంది నాన్నా. చాలా బాగుంది."

"వాసనేమీ లేదు కదా? సరిగ్గా చూశావా?"

"లేదు. నాలుగు పెట్టెలు చూశాను."

ఆయన నెమ్మదిగా తల ఊపాడు. పెదవులు ఒకసారి తడుపుకున్నాడు. "అయితే ఆ రోజు నా నోటికే ఏదో అయి ఉంటుంది" అన్నాడు.

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. హాస్యానికి అనలేదు. మా నాన్నకి అబద్ధం చేతకాదు. నలభై ఏళ్ళలో సంతకం పెట్టిన మాట ఏదీ అబద్ధం కాలేదు. ఇప్పుడు పెట్టిన ఈ ఒక్క సంతకాన్ని కూడా నిజం చేసుకునే పనిలో ఉన్నాడు.

"బీరువా ఉంది నాన్నా!" అని అరిచాను. "కలరా ఉండలు ఉన్నాయి, నేను కళ్ళారా చూశాను, ఈ చేత్తో పట్టుకున్నాను! నీ నోటికేం కాలేదు. ఏమీ కాలేదు!" కాపలావాడు గేటు వదిలి పరుగెత్తుకొచ్చేంత గట్టిగా అరిచాను. అరుస్తూ ఆయన చొక్కా పట్టుకుని ఊపేస్తున్నానని నాకు తర్వాత తెలిసింది.

నాన్న నా చేతులు మెల్లగా విడిపించి, నా తల నిమిరాడు.

"సరేలేమ్మా" అన్నాడు. "నువ్వు చూశావు కదా, నువ్వు చెబితే సరే."